మొలకల గురించి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు: గింజ కొన్నప్పటి నుంచి తినేదాకా

శ్రీకాకుళం, విజయనగరం వైపు మొలకలు కొత్త తిండేమీ కాదు. చోళ్లు (రాగులు) మొలకెత్తించి పిండి ఆడించుకోవడం, ఉలవలు మూట కట్టడం, సంక్రాంతి ముందు తేగలు తవ్వుకోవడం ఎప్పటి నుంచో ఉన్నవే. కొత్తగా వచ్చిందల్లా ఆరోగ్యం కోసమని పచ్చి మొలకలు కప్పుల కొద్దీ తినడం. దాంతోపాటు అవే అనుమానాలు చుట్టూ తిరిగి మళ్లీ వస్తున్నాయి, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మొలకలు మంచి తిండి, కానీ మన తీరప్రాంతపు ఉక్కలో వాటిని వేడి తగలనివ్వకుండా తినడం మాత్రం నాకు ఇష్టం లేదు. ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగా ఉంటుంది, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## గింజలు తెచ్చుకునేటప్పుడు

విత్తనాల షాపులో పెసలు బాగా మొలకెత్తుతాయంట కదా, అవే తెచ్చుకుంటే?

వద్దు, అస్సలు వద్దు. నాటడానికి అమ్మే విత్తనానికి చాలాసార్లు థైరమ్, కాప్టాన్ లాంటి తెగుళ్ల మందులో, ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందులో పట్టించి ఉంటాయి. గులాబీ, ఎరుపు, నీలం రంగు పూత కనిపిస్తే అదే. కడిగితే రంగు పోవచ్చు, మందు పోదు. ఇమిడాక్లోప్రిడ్ పని చేసేదే మొలకలోకి ఎక్కి. వరి కోశాక మాగాణిలో చల్లడానికి తెచ్చిన పెసర విత్తనం కొంచెం మిగిలితే పారేయడానికి మనసొప్పదు, నాకు తెలుసు, కానీ దాన్ని వంటగదిలోకి తేవద్దు. తినే పెసలు కిరాణా కొట్లోనో రైతు బజార్లోనో కొనుక్కోండి.

మా సొంత చేలో పండినవి, ఏ మందూ కొట్టలేదు. వాటికి భయం లేదు కదా?

మందు భయం లేదు, క్రిముల భయం ఉంది. ఇవి రెండూ వేరు. కల్లంలో నూర్చేటప్పుడు పశువుల పేడ, ఎలుకలు, పిట్టల రెట్టలు తగలకుండా ఉండవు. సాల్మొనెల్లా, ఈ.కోలి లాంటి బ్యాక్టీరియా ఎండిన గింజ మీద నెలల తరబడి చావకుండా పడి ఉంటాయి, గింజ పైతోలు పగిలినచోట లోపలికీ దూరతాయి. అందుకని చితికినవి, పుచ్చినవి, పగిలినవి ఏరి పారేయడం చాదస్తం కాదు. పాతకాలంలో చేట పట్టుకుని కూర్చుని ఏరేవారు, ఆ పని ఇప్పటికీ చేయాల్సిందే.

ఏ గింజలు మొలకెత్తించుకోవచ్చు, ఏవి వద్దు?

పెసలు, సెనగలు, ఉలవలు, బొబ్బర్లు, మెంతులు, చోళ్లు, గంటెలు (సజ్జలు) పర్వాలేదు. మూడింటి దగ్గర మాత్రం ఆగండి.

రాజ్మా గింజల్లో ఫైటోహీమగ్లూటినిన్ అనే లెక్టిన్, అంటే ఒక రకం ప్రొటీన్ ఉంటుంది. పచ్చివి కొన్ని తిన్నా గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మొలకెత్తినంత మాత్రాన అది పోదు, కనీసం పది నిమిషాలు తెర్లాల్సిందే.

రెండోది జొన్న. లేత జొన్న మొక్కలు మేసి పశువులు చచ్చిపోవడం రైతులకి తెలిసిన సంగతే. దానికి కారణమైన ధుర్రిన్ అనే పదార్థం జొన్న మొలకలోనూ ఉంటుంది, నమిలితే అందులోంచి సైనైడ్ విడుదలవుతుంది. పచ్చి జొన్న మొలకలు ఎవరు మంచివని చెప్పినా తినకండి.

మూడోది బంగాళాదుంప. మొలకెత్తి, పచ్చబడిన దుంపలో సోలనిన్ పెరుగుతుంది, ఉడికించినా చాలావరకు అలాగే ఉంటుంది. మొలకలు, పచ్చటి భాగం లోతుగా కోసి తీసేయండి, ఎక్కువగా పచ్చబడితే దుంపే పారేయండి.

మొలకలకి చోళ్లలో ఏ రకం మంచిది?

విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం చంపావతి, భారతి, శ్రీచైతన్య లాంటి చోడి రకాలు ఇచ్చింది, వీటిలో ఏదైనా మొలకెత్తుతుంది. రకం కంటే గింజ వయసు ముఖ్యం. పాతబడిన చోళ్లు సగమే మొలకెత్తుతాయి, మొలకెత్తనివి తడిలో కుళ్లి మిగతావాటిని పాడుచేస్తాయి. ముందు ఒక గుప్పెడు నానబెట్టి చూసుకోండి.

## నానబెట్టేటప్పుడు

రాత్రంతా నానబెడితే పొద్దుటికి నురగ, వాసన వస్తోంది. ఎన్ని గంటలు ఉంచాలి?

పెసలకి చలికాలంలో ఎనిమిది గంటలు, ఏప్రిల్, మే నెలల్లో ఆరు చాలు. సెనగలు, ఉలవలకి ఇంకో రెండు మూడు గంటలు. నీళ్లు పీల్చుకోవడం పూర్తయ్యాక గింజకి కావలసింది గాలి. ఇంకా నీళ్లలోనే ఉంటే ఊపిరాడక లోపలి పిండం దెబ్బతింటుంది, గింజలోంచి ఊరిన చక్కెరల మీద బ్యాక్టీరియా పెరుగుతుంది. నురగ అదే. ఎండాకాలంలో మధ్యలో ఒకసారి నీళ్లు మార్చండి, రాత్రి పన్నెండుకి లేవక్కర్లేదు, పడుకునే ముందు మారిస్తే సరిపోతుంది.

అసలు నానిన గింజ లోపల ఏం జరుగుతుంది?

ఎండిన గింజలో పిండం నిద్రలో ఉంటుంది. నీళ్లు తగలగానే మొదటి కొన్ని గంటల్లో గింజ గబగబా ఉబ్బుతుంది, అది కేవలం నీళ్లు పీల్చుకోవడమే. తర్వాత పైకి ఏమీ మారనట్టు కనిపించే సమయం ఒకటి ఉంటుంది, అసలు పనంతా అప్పుడే జరుగుతుంది. శ్వాసక్రియ మొదలవుతుంది, ఎంజైములు తయారవుతాయి, పాడైన డీఎన్ఏ మరమ్మతు అవుతుంది. చోళ్లు, వడ్ల లాంటి ధాన్యాల్లో పిండం జిబ్బరెల్లిన్ అనే హార్మోను పంపిస్తే, పిండిపదార్థం చుట్టూ ఉన్న పొర ఆల్ఫా ఎమిలేజ్ అనే ఎంజైము విడుదల చేసి పిండిని చక్కెరలుగా విరగ్గొడుతుంది. మొలకెత్తిన చోళ్లు నమిలితే తియ్యగా ఉండడానికి కారణం అదే. ఆ తర్వాత ముందుగా బయటికి వచ్చేది వేరు. మనం మొలక అని పిలిచే ఆ తెల్లటి తోక నిజానికి లేత వేరే.

పెసల్లో మొలక సాగాక పప్పు బద్దలు రెండూ పైకి లేస్తాయి. సెనగల్లో అవి ఉన్నచోటే ఉండిపోతాయి, పైకి వచ్చేది చిగురు మాత్రమే.

నీళ్లలో ఉప్పు, పసుపు, వెనిగర్ ఏదైనా వేస్తే క్రిములు చస్తాయా?

పైపైన ఉన్నవి కొన్ని తగ్గొచ్చు, గింజ పగుళ్లలో దాక్కున్నవి చావవు. ఉప్పు ఎక్కువైతే గింజే నీళ్లు పీల్చుకోలేక మొలక ఆలస్యమవుతుంది. ఎంత బలమైన మందు కావాలో తెలియాలంటే ఇది చూడండి: 1999లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మొలకల కంపెనీలకి సూచించిన పద్ధతుల్లో ఒకటి గింజలని 20,000 పీపీఎం (అంటే రెండు శాతం) కాల్షియం హైపోక్లోరైట్ ద్రావణంతో శుద్ధి చేయడం, అంత గాఢమైన క్లోరిన్‌తో కూడా క్రిములు పూర్తిగా పోతాయన్న హామీ లేదు. ఇంట్లో బ్లీచింగ్ పౌడరుతో ఆ ప్రయోగాలు చేయకండి. కాచి చల్లార్చిన నీళ్లు వాడండి, నుయ్యి నీళ్లో బోరు నీళ్లో నేరుగా పోయకండి.

ఉలవల్లో కొన్ని రాళ్లలా మిగిలిపోతున్నాయి, ఎందుకు?

వాటి పైతోలు నీళ్లని లోపలికి రానివ్వదు. చిక్కుడు కుటుంబపు గింజల్లో ఇది మామూలే, ఏళ్ల తర్వాత కూడా నేలలో మొలవడానికి గింజ పెట్టుకున్న ఏర్పాటది. నానాక ఏరేయండి, పంటికి తగిలితే పన్నే విరుగుతుంది.

## మొలక వచ్చేటప్పుడు

గుడ్డలో మూట కట్టాలా, మొలకల డబ్బా కొనాలా?

ఏదైనా ఒకటే, గాలి ఆడాలి, నీళ్లు నిలవకూడదు. ఉతికి, మరిగే నీళ్లలో వేసి ఆరేసిన తెల్ల గుడ్డ ప్లాస్టిక్ డబ్బా కంటే తక్కువేమీ కాదు. డబ్బా చిల్లుల్లో పాచి పడితే అది వదిలించడం కష్టం. రోజుకి రెండుసార్లు, వేసవిలో మూడుసార్లు నీళ్లతో జాడించి బాగా వంపేయండి.

చోళ్ల మొలకల మీద తెల్లటి నూగు వచ్చింది. బూజు పట్టిందా, పారేయాలా?

చాలాసార్లు అది బూజు కాదు, వేరు మీది నూగు వెంట్రుకలు. నీళ్లు పోసి జాడించండి. వేరు నూగైతే తడికి అణిగిపోయి కనిపించదు, అది వేరుకి మాత్రమే చుట్టూ సమంగా ఉంటుంది. బూజైతే గింజల మధ్య సాలెగూడులా అల్లుకుంటుంది, బూడిద రంగో నలుపో తిరుగుతుంది, ముక్కిన వాసన కొడుతుంది. బూజని తేలితే పై వరకు తీసేసి మిగతాది వాడుకోకండి, మొత్తం పారేయాలి.

మే నెలలో ఎంత జాగ్రత్త పడినా జిగురు, పులుపు వాసన వస్తోంది. ఏం చేయాలి?

పెసర మొలకకి 25 నుంచి 30 డిగ్రీలు హాయిగా ఉంటుంది. మన దగ్గర మే నెలలో ఇల్లే 35 దాటుతుంది, సముద్రపు గాలి తేమ దానికి తోడు. ఆ వేడిలో బ్యాక్టీరియా మొలక కంటే వేగంగా పెరుగుతుంది. కొంచెం కొంచెంగా చేసుకోండి, కుండ పక్కనో ఇంట్లో చల్లటి మూలనో పెట్టండి, తోక కనిపించగానే ఆపేయండి. జిగురు వచ్చిందంటే కడిగి వాడుకునే దశ దాటిపోయినట్టే. ఇంకో మాట, వాసన రాకపోతే క్రిములు లేవనుకోకండి, జబ్బు చేసే బ్యాక్టీరియా చాలావాటికి వాసనే ఉండదు.

మొలక ఎంత పొడుగొస్తే మంచిది?

సగం సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు చాలు. ఇంకా పెంచితే నీరు, పీచు పెరుగుతాయి, చేదు వస్తుంది, క్రిములకి అదనంగా ఒక రోజు దొరుకుతుంది.

## పోషకాల సంగతి

మొలకెత్తితే ప్రొటీన్ రెట్టింపు అవుతుందని అంటారు, నిజమేనా?

కాదు. గింజకి బయటి నుంచి అందుతున్నది నీళ్లే, కొత్త ప్రొటీన్ ఎక్కడి నుంచి వస్తుంది? 100 గ్రాముల ఎండు పెసల్లో సుమారు 24 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. పొడుగ్గా పెంచిన మొలకల్లో 90 శాతం నీరే కాబట్టి 100 గ్రాములకి 3 గ్రాములే మిగులుతుంది. మనం ఇంట్లో చేసుకునే పొట్టి మొలకల్లో అంతకంటే ఎక్కువే ఉంటుంది గానీ ఎండు గింజని మించదు. నీరంతా తీసేసి లెక్కేస్తే ప్రొటీన్ శాతం కొంచెం పెరిగినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే మొలకెత్తేటప్పుడు శ్వాసక్రియలో కొంత పిండిపదార్థం ఖర్చైపోయింది. మారేది అరిగే తీరు. ట్రిప్సిన్ అనే జీర్ణరసాన్ని అడ్డుకునే పదార్థాలు తగ్గుతాయి, ప్రొటీన్ కొంత సులువుగా అరుగుతుంది. కప్పుడు మొలకలు తిని పప్పన్నం మానేసిన పిల్లలని చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది.

మరి విటమిన్ సి? అదైనా పెరుగుతుందా?

పెరుగుతుంది, ఇది మాత్రం గట్టిగా రుజువైన సంగతి. ఎండు గింజలో దాదాపు లేని విటమిన్ సి మొలకెత్తేటప్పుడు కొత్తగా తయారవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో లండన్ లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో హారియెట్ చిక్ బృందం మొలకెత్తిన పప్పుగింజలు విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ వ్యాధిని ఆపుతాయని చూపించింది. అప్పటికి విటమిన్ సి ఏమిటో ఇంకా ఎవరూ వేరు చేసి చూడలేదు. తాజా కూరగాయలు దొరకని సైనికులకి అది పెద్ద ఊరట. అయితే లెక్క కూడా చూడండి: 100 గ్రాముల పెసర మొలకల్లో సుమారు 13 మిల్లీగ్రాములు ఉంటే, అంతే జామపండులో 200 పైనే ఉంటుంది. పెరట్లో జామచెట్టున్నవాళ్లు విటమిన్ సి కోసం పచ్చి మొలకలతో ప్రమాదం కొనితెచ్చుకోనక్కర్లేదు.

రక్తం తక్కువగా ఉందన్నారు. మొలకలు తింటే పెరుగుతుందా?

సాయపడతాయి, మందుకి బదులు కావు. పప్పుగింజల్లో, చోళ్లలో ఇనుము ఉన్నా ఫైటిక్ ఆమ్లం దాన్ని పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వదు. మొలకెత్తేటప్పుడు ఫైటేజ్ అనే ఎంజైము ఆ ఆమ్లాన్ని విరగ్గొడుతుంది, ఇనుము, జింకు ఎక్కువ అందుతాయి. ఉడికించిన మొలకల మీద నిమ్మకాయ పిండుకుంటే ఇంకా మంచిది. తిన్న వెంటనే టీ తాగకండి, టీ ఇనుముని అడ్డుకుంటుంది. డాక్టరిచ్చిన ఐరన్ మాత్రలు మాత్రం ఆపొద్దు.

ఉలవలు, సెనగలు తింటే గ్యాస్. మొలకెత్తిస్తే తగ్గుతుందా?

చాలామందికి తగ్గుతుంది. గ్యాస్ తెచ్చే రాఫినోజ్, స్టాకియోజ్ చక్కెరలని మొలకే తన ఎదుగుదలకి వాడేసుకుంటుంది. పచ్చివి తింటే మళ్లీ ఉబ్బరమే, ఉడికించుకోండి.

బ్రకోలీ మొలకలు క్యాన్సర్ రాకుండా ఆపుతాయంట?

దీని వెనక ఒక నిజమైన పరిశోధన ఉంది. 1997లో అమెరికా జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జెడ్ ఫాహీ, పాల్ తలాలే బృందం మూడు రోజుల బ్రకోలీ మొలకల్లో గ్లూకోరాఫనిన్ అనే పదార్థం ముదిరిన బ్రకోలీ కంటే పది నుంచి వంద రెట్లు ఉందని చూపించింది. నమిలినప్పుడు అది సల్ఫొరాఫేన్‌గా మారి ఒంట్లో విషాలని విరిచే ఎంజైములని ఉసిగొల్పుతుంది. అక్కడి నుంచి ‘క్యాన్సర్ రాదు’ అనేదాకా చాలా దూరం ఉంది. ఆ మాట చెప్పి గింజలు ఎక్కువ ధరకి అమ్మితే కొనకండి.

మాంసం తినం. మొలకల్లో విటమిన్ బి12 ఉంటుందా?

ఉండదు. పాలు, పెరుగు తీసుకోండి, లోపం ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

## తినే ముందు

పచ్చివి తినాలా, ఉడికించాలా? ఒక్క మాటలో చెప్పండి.

ఉడికించండి. ఎందుకో చెప్పడానికి మాత్రం ఒక్క మాట చాలదు.

మొలకకి కావలసిన వెచ్చదనం, తడి, ఊరే చక్కెరలు బ్యాక్టీరియాకీ కావాలి. గింజ మీద లెక్కపెట్టేటంత తక్కువగా ఉన్న క్రిములు రెండు మూడు రోజుల్లో గ్రాముకి లక్షలు, కోట్లు అవుతాయి. 1996లో జపాన్‌లోని సకాయ్ నగరంలో ఆరు వేల మందికి పైగా బడిపిల్లలు ఈ.కోలి ఓ157 రకం వల్ల జబ్బు పడితే ఆధారాలన్నీ బడి భోజనంలోని ముల్లంగి మొలకల వైపే చూపించాయి. 2011లో జర్మనీలో ఇంకా ఘోరం జరిగింది. ఈ.కోలి ఓ104 రకం దాదాపు నాలుగు వేల మందికి సోకింది, యాభై మందికి పైగా చనిపోయారు, ఎనిమిది వందల మందికి పైగా మూత్రపిండాలు దెబ్బతీసే హెచ్‌యూఎస్ వచ్చింది. ముందు స్పెయిన్ దోసకాయలని అనుమానించారు, చివరికి అది ఈజిప్టు నుంచి వచ్చిన మెంతి గింజల మొలకలని తేలింది. ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర జబ్బుపడినవాళ్లు తిన్నదీ ఆ గింజల మొలకలే. ఇవి శుభ్రత పాటించని దేశాలు కావు. మెంతులు మన వంటింట్లో రోజూ ఉండే గింజ. అందుకే ఈ విషయం నేను తేలిగ్గా చెప్పలేను.

ఉడికిస్తే పోషకాలన్నీ పోతాయి కదా?

అన్నీ పోవు. విటమిన్ సి, ఫోలేట్ కొంత పోతాయి. ప్రొటీన్, ఇనుము, కాల్షియం, పీచు ఎక్కడికీ పోవు, ప్రొటీన్ ఇంకా బాగా అరుగుతుంది. నీళ్లలో ఉడికించి వంపేస్తే నష్టం ఎక్కువ, ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద పెడితే తక్కువ. గింజ మధ్య దాకా పొగలు కక్కేంత వేడెక్కాలి, పెసలకి ఏడెనిమిది నిమిషాలు, సెనగలు, ఉలవలకి ఇంకా ఎక్కువ. గోరువెచ్చటి నీళ్లు పోసి తీసేయడం ఉడికించడం కాదు.

పొద్దున్నే వాకింగ్ దగ్గర కప్పుల్లో అమ్మే మొలకలు తినొచ్చా?

ఉడికించి వేడిగా ఇస్తుంటే తినండి. పచ్చివైతే ఆ గింజ ఎప్పుడు నానింది, ఏ నీళ్లలో నానింది, ఎన్ని గంటలుగా ఎండలో ఉందన్నది కొనేవాళ్లకి తెలిసే దారి లేదు. పైన జల్లిన ఉల్లిపాయ, కొత్తిమీర, కోసిన మామిడి ముక్కలదీ అదే సంగతి. అమ్మేవాళ్లకి ఒక విన్నపం: ఒక స్టవ్, ఒక ఆవిరి గిన్నె పెట్టుకుంటే మీ దగ్గర ముసలివాళ్లూ నిశ్చింతగా కొనుక్కుంటారు.

## ఎవరు ఎక్కువ జాగ్రత్త పడాలి

మా అమ్మాయికి ఐదో నెల. రోజూ మొలకలు పెట్టమన్నారు, పెట్టొచ్చా?

బాగా ఉడికించి పెట్టండమ్మా. గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు, పెద్ద వయసువాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు పచ్చి మొలకలు ఏ రకమైనా తినకూడదు. లిస్టీరియా లాంటి క్రిమి తల్లికి చిన్న జ్వరంలా వచ్చిపోయినా కడుపులో బిడ్డకి ప్రాణాపాయం తెస్తుంది.

పసిపిల్లకి చోడి మొలకల పిండి ఎప్పటి నుంచి పెట్టాలి? ఎలా చేయాలి?

ఆరు నెలలు నిండాక. చోళ్లు కడిగి రాత్రి నానబెట్టి, వంపి, ఒక రోజు నుంచి రోజున్నర మూట కట్టి, మొలకలు రాగానే పలచగా ఆరబోసి గలగలలాడేదాకా ఎండబెట్టండి. తడి మిగిలితే డబ్బాలో బూజు పడుతుంది, ఆ బూజుల్లో కొన్ని కాలేయానికి హాని చేసే విషాలు వదులుతాయి. తర్వాత సన్నటి సెగ మీద దోరగా వేయించి, అరచేతులతో నులిమి వేళ్లు రాల్చి, చెరిగి పిండి ఆడించుకోవాలి. వాన ముసురు పట్టిన రోజుల్లో ఈ పని మొదలుపెట్టకండి.

ఇందులో ఉన్న గొప్పతనం ఎమిలేజ్. మామూలు జావ చిక్కబడితే పసిబిడ్డ మింగలేదు, పలచన చేస్తే కడుపు నిండుతుంది గానీ బలం చాలదు. మొలకెత్తిన పిండిలోని ఎంజైము చిక్కటి జావని పలచబరుస్తుంది, అంటే అదే గిన్నెలో ఎక్కువ పిండి పట్టి ఎక్కువ శక్తి అందుతుంది. 1980ల్లో బరోడా ఎం.ఎస్. విశ్వవిద్యాలయంలో తారా గోపాలదాస్ బృందం దీని మీద చాలా పని చేసింది. చిక్కటి జావ కాస్త చల్లారాక చెంచాడు మొలకల పిండి కలిపితే చూస్తుండగానే పలచబడుతుంది, అప్పుడు మళ్లీ ఒకసారి తెర్లనిచ్చి పెట్టండి.

ఉద్దానం మాది. ఇంట్లో కిడ్నీ జబ్బు మనిషి ఉన్నారు. మొలకలు పెట్టొచ్చా?

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలోని కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, దీనికి అందరికీ సరిపోయే జవాబు లేదు. డయాలసిస్ దాకా రానివాళ్లకి ప్రొటీన్ తగ్గించమంటారు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి పెంచమంటారు. రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్ ఎక్కువగా ఉంటే పప్పుజాతి గింజల కొలత చూసుకోవాలి. ఇంకో మెలిక ఉంది, మొలకెత్తడం వల్ల ఫైటిక్ ఆమ్లం విరిగి ఫాస్ఫరస్ ఒంటికి ఎక్కువ పట్టొచ్చు, మామూలు మనిషికి మేలైనది వీళ్లకి కాకపోవచ్చు. ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం కొంత పోతుంది. కొత్త రిపోర్టులు డాక్టరుకి చూపించి ఎంత పెట్టాలో అడగండి. పచ్చివి మాత్రం ఎవరికీ వద్దు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకైతే మరీ వద్దు.

## తేగల గురించి

తేగలు కూడా మొలకలేనా? పచ్చివి తినొచ్చా?

అవును, తేగ తాటి మొలకే. మిగతా గింజల్లా తాటి టెంక పైకి మొలవదు, ముందు ఒక గొట్టంలాంటిది కిందికి దిగుతుంది, దాని చివర ఇసుకలో పిండిపదార్థం నింపుకుంటూ తేగ ఊరుతుంది. అందుకే టెంకలని వదులైన ఇసుక మట్టిలో పాతర వేస్తారు, గట్టి నేలైతే తేగ వంకర తిరుగుతుంది. బోలెడంత పీచు ఉంటుంది, కడుపు నిండుగా ఉంటుంది.

పచ్చివి తినకండి. 1970ల్లో శ్రీలంకలో పచ్చి తేగల పిండి ఎక్కువ రోజులు మేపిన ఎలుకలకి కాలేయం దెబ్బతిన్నట్టు పరిశోధకులు గమనించారు. మనవాళ్లు కుండలో ఉడకబెట్టో, తంపటి వేసో తినడమే తప్ప పచ్చివి తినే అలవాటు లేదు, ఆ అలవాటునే పట్టుకోండి. ఎండు తేగల పిండి కొన్నా బాగా వేయించి, వండి తినండి.

## నిల్వ చేసేటప్పుడు

ఫ్రిజ్‌లో ఎన్ని రోజులు ఉంచొచ్చు? కరెంటు పోతే?

నీళ్లు పూర్తిగా వంపేసి, మూత డబ్బాలో, 5 డిగ్రీల లోపు ఉంచితే రెండు మూడు రోజులు. చల్లదనం క్రిముల పెరుగుదలని నెమ్మదింపజేస్తుంది, చంపదు. లిస్టీరియా అయితే ఫ్రిజ్‌లోనూ పెరుగుతుంది, కాబట్టి ఫ్రిజ్‌లోంచి తీసినవి కూడా ఆవిరి పట్టాకే తినాలి.

కరెంటు పోయినా తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. అంతకు మించితే మొలకలు పారేయండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి హెచ్చరిక వచ్చినప్పుడు కొత్తగా గింజలు నానబెట్టకండి, ఇంట్లో ఉన్న మొలకలు ఆ పూటే వండేసుకోండి. ఎండు పెసలు డబ్బాలో ఉంటే కరెంటు లేకపోయినా నెలల తరబడి చెడవు.